మందుల కౌంటర్ యూజ్ కేస్

గోదావరిఖనిలో రిటైరైన గని కార్మికులకు నెలనెలా మందులిచ్చే చిన్న ట్రస్టు దవాఖాన ఒకటి ఉంది. దాని మందుల కౌంటర్‌కు సాఫ్ట్‌వేర్ తయారుచేసే పని మా ఆఫీసుకు వచ్చింది. నేను ఆ ఊరిపిల్లనే కాబట్టి వివరాలు కనుక్కుని రావడానికి నన్నే పంపారు. ఎవరు వస్తారు, ఏం అడుగుతారు, కంప్యూటర్ ఏం చెయ్యాలి అని వరుసగా రాసే కాగితాన్ని మా పనిలో యూజ్ కేస్ అంటారు.

మూడు రోజులు కౌంటర్ పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. లైన్లో రోగులకంటే వాళ్ల తరఫున వచ్చినవాళ్లే ఎక్కువ. భార్యలు, కోడళ్లు, పక్కింటివాళ్లు. ఒక అవ్వ భర్త మందుల చీటీ పట్టుకుని నిలబడింది.

"తాత రాడా అవ్వా?" అని అడిగాను.

"ఏడికొస్తడు బిడ్డా. బొగ్గుబాయిల పనిచేసి చేసి దమ్ము పట్టుకున్నది. మంచం దిగుడే కష్టమైతుంది. నేనే వస్త. కౌంటర్ల సారుకు నేను ఎరికే."

అందుకే నా కాగితంలో రోగితోపాటు రెండో మనిషిని కూడా రాశాను: రోగి కోసం వచ్చినవారు. వాళ్లెవరో ఎలా పోల్చుకోవాలి, ఏం అడగాలి, అన్నీ కలిపి పదకొండు పేజీలయ్యాయి.

మా టీమ్ లీడ్ చదవలేదు. పేజీలు తిప్పి పక్కన పెట్టాడు.

"యూజ్ కేస్ సింపుల్‌గా ఉండాలి. రోగి వస్తాడు, కెమెరాకు ముఖం చూపిస్తాడు, మందులు తీసుకుంటాడు. అంతే. మిగతావి తర్వాత చూద్దాం."

"అక్కడ రోగులు పెద్దగా రారు సార్."

"ముందు ఇది నడవనీ."

ఇంకోసారి గట్టిగా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. రెండో మనిషిని నా చేత్తోనే తీసేశాను. పదకొండు పేజీలు ఒక్క పేజీకి దిగాయి. మీటింగులో అందరూ మెచ్చుకుంటే సంతోషపడ్డాను కూడా.

కొత్త పద్ధతి మొదలైన వారంలో మళ్లీ వెళ్లాను. అవ్వ భర్తను ఆటోలో తీసుకొచ్చింది. ఇద్దరు పట్టుకుని నడిపిస్తుంటే ఆయన రొప్పుతున్నాడు, తల నిలవడం లేదు. ముఖం కనబడలేదని కంప్యూటర్ మూడుసార్లు వెనక్కి పంపింది. అవ్వ ఆయన గడ్డం కింద చెయ్యిపెట్టి పైకెత్తి పట్టుకుంది. అప్పుడు కంప్యూటర్ ఒప్పుకుంది.

అవ్వ నన్ను గుర్తుపట్టి అడిగింది: "ఆయన రాలేడని రాసుకపోతివి గద బిడ్డా. మరి గిట్లెందుకైంది?"

కోపంతో కాదు, నిజంగానే తెలుసుకుందామని.

"పైనోళ్లు తీసేసిన్రు అవ్వా," అన్నాను.

ఆ రోజే టీమ్ లీడ్‌కు రాశాను. మార్పుల జాబితాలో పెట్టానన్నాడు. నెలలు గడిచాయి. ఈలోగా కౌంటర్లో ఉండే సారే ఒక దారి కనిపెట్టాడు. ఇంట్లో ఉన్న రోగి ఫోటో తెచ్చి కెమెరా ముందు పట్టుకోమన్నాడు. కంప్యూటర్ దాన్నే మనిషనుకుంది. అందరూ ఫోటోలు తేవడం మొదలుపెట్టారు.

మొన్న టీమ్ లీడ్ రిపోర్టు తెరిచి నాకు చూపించాడు. అందులో రోగులంతా స్వయంగా వచ్చినట్టే ఉంది.

"అందరూ వస్తూనే ఉన్నారుగా, ఇంక ఆ మార్పెందుకు?" అని దాన్ని జాబితాలోంచి కొట్టేశాడు.

ఫోటోల సంగతి చెబితే ఆ దారి కూడా మూసేస్తారు. సరే సార్ అని వచ్చేశాను.