కరుణమ్మ చూసిన మడమలు

ప్రొద్దుటూరులో నేను పనిచేసిన ఆసుపత్రి పేరు రాయను. రాస్తే వాళ్లకు కోపం రావచ్చు, రాయకపోతే నాకు పోయేదేమీ లేదు. నా పేరు ఖలందర్. అక్కడి మందుల గదిలో ముప్పై ఒక్క ఏళ్లు కూర్చున్నాను. మందుల గదికి ఎదురుగా వరండా, వరండా దాటితే ఇరవై మంచాల పొడవాటి గది. ఎక్కువకాలం ఉండవలసిన రోగుల కోసమని దాని తలుపు మీద ‘లాంగ్ స్టే వార్డ్’ అని ఇంగ్లీషులో బోర్డు రాయించారు. జనం ఆ బోర్డులో మొదటి మాట ఒక్కటి పట్టుకుని, గది కూడా పొడుగ్గానే ఉంది గదా అని ‘లాంగ్ వార్డు’ అన్నారు. పక్కనున్న చిన్నపిల్లల గదిని ‘షార్ట్ వార్డు’ అన్న మహానుభావులు కూడా ఉన్నారు.

ఆ లాంగ్ వార్డు దేనికోసం అన్న విషయంలో డాక్టర్లకు ఎప్పుడూ పేచీయే. తుంటి, వెన్ను విరిగినవాళ్లను నడిపించి ఇంటికి పంపడానికి అన్నాడు కట్టించినాయన. ఇంక నడవలేని ముసలివాళ్లను చివరిదాకా శుభ్రంగా చూసుకోవడానికి అన్నాడు తరువాత వచ్చినాయన. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరి మాటా నిజమే. అయితే తొంభైల్లో మా జిల్లా జనం దానికి మూడో పని కనిపెట్టారు. దాక్కోవడం. ఈ మూడు పనులూ తెలిసిన మనిషి ఆసుపత్రి మొత్తం మీద ఒక్కతే. ఆయా కరుణమ్మ.

కరుణమ్మది జమ్మలమడుగు. తాతల నాటి నుంచి క్రైస్తవులు. తండ్రి దేవపాలు పల్లె బడిలో పంతులు. పెళ్లయిన నాలుగేళ్లకే భర్త కామెర్లతో పోతే, ముప్పై దాటకముందే ఇక్కడ పనిలో చేరింది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. రోజూ పొద్దున్నే బకెట్లో వేడినీళ్లు పట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని, ఒకటో మంచం నుంచి ఇరవయ్యో మంచం దాకా అందరి కాళ్లూ కడిగేది. అది ఆమెకు ఎవరూ చెప్పిన పని కాదు.

“ఏందమ్మా ఈ కాళ్ల పిచ్చి?” అని ఒకసారి ఎగతాళి చేశాను.

“మొగం అబద్ధం చెప్తాది ఖలందరన్నా, మడమ చెప్పదు. మంచాన పడిన మనిషి మడమ రెండు నెల్లకు మెత్తబడతాది. పసిబిడ్డ కాలు మాదిరి అయితాది. అట్ల అయినాక మళ్ళా లేపాలంటే శానా కష్టం,” అంది.

నేను నవ్వేసి నా మాత్రలు నేను లెక్కపెట్టుకున్నాను. చదువుకున్న గర్వం నాది.

తొంభై నాలుగులో ఎలక్షన్లకు ఏడు నెలల ముందు ఓబులయ్యను తీసుకొచ్చారు. వేంపల్లె పక్క పల్లె, గొర్రెలు మేపుకునే కుర్రాడు, పాతికేళ్లుంటాయి. మందను ఇంటికి తోలుకొస్తుంటే దారిలో రెండు వర్గాలు ఎదురుపడ్డాయి. బాంబులు పడ్డాయి. ఇద్దరు చచ్చిపోయారు, పదకొండు గొర్రెలు పోయాయి, ఓబులయ్య తుంటి విరిగింది. అతనికి ఏ వర్గంతోనూ సంబంధం లేదు. చేసిన నేరమల్లా ఎవరు విసిరారో కళ్లారా చూడడమే. ఆ సంగతి రెండు వర్గాలకూ తెలిసిపోయింది.

అతన్ని తొమ్మిదో మంచం మీద పడుకోబెట్టారు. మూడో వారం నుంచి పరామర్శలు మొదలయ్యాయి. ఒక పూట ఒక వర్గం వాళ్లు బత్తాయిలు తెచ్చేవాళ్లు, ఇంకో పూట ఇంకో వర్గం వాళ్లు ఆపిల్ పండ్లు తెచ్చేవాళ్లు. రెండు గుంపులూ ఒకే ప్రశ్న అడిగేవి, “ఎప్పుడు లేస్తాడు?” లేస్తే కోర్టుకు తీసుకుపోయి సాక్ష్యం చెప్పించాలని ఒకరికి, లేస్తే కోర్టు దాకా పోనివ్వకూడదని ఇంకొకరికి. ఆ రెండోవాళ్ల ప్రతినిధి చిన్నసుబ్బయ్య అనే మనిషి. గట్టిగా మాట్లాడేవాడు కాదు. అదే భయంగా ఉండేది.

“ఇంగా లేదప్పా. కాళ్లల్లో బలం ల్యా,” అని చెప్పేది కరుణమ్మ. మొదట్లో అది నిజమే.

నాలుగో నెలలో ఒకరోజు పొద్దున ఆమె తొమ్మిదో మంచం దగ్గర కాళ్లు కడుగుతూ ఆగిపోయింది. నేను డ్రెస్సింగ్ సామాను ఇవ్వడానికి పోయి అక్కడే ఉన్నాను. ఓబులయ్య అరికాళ్లు నల్లగా ఉన్నాయి. ఫినాయిల్ వాసన కూడా వస్తోంది. వార్డు నేల మీద నడవకుండా ఆ నలుపు రాదు. కరుణమ్మ ఆ పాదం మీద చెళ్లుమని ఒకటి కొట్టింది.

“ఎప్పట్నుంచి నడుస్తాండావురా?”

ఓబులయ్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “పది దినాలైందక్కా. మధ్యాన్నం అందరూ కునుకు తీసేటప్పుడు. డాక్టరమ్మకు చెప్పొద్దు. చెప్తే ఇంటికి పంపిస్తాది. గేటు దాటితే నన్ను బతకనీరు.”

“నడ్సకపోతే కాలు పోతాది గదా?”

“పోతే కాలే పోతాది గదక్కా.”

పాతికేళ్ల మనిషి కాలో ప్రాణమో తేల్చుకుంటున్నాడు, అదీ తనది కాని కొట్లాటకు. ఏ ఆసుపత్రిలోనైనా డిశ్చార్జి అంటే మిఠాయి పంచుతారు. లాంగ్ వార్డులో ఆ యేడు డిశ్చార్జి అంటే మనుషులు వణికారు.

కరుణమ్మ తువ్వాలు తడిపి అరికాళ్ల నలుపంతా తుడిచేసింది. తరువాత మందుల గదికొచ్చి, చీటీ లేకుండా వాజలీన్ డబ్బా అడిగింది.

“చీటీ యాది?” అన్నాను.

“దేవునికి రాసి తెచ్చేదా?” అంది.

ఇచ్చేశాను. ముప్పై ఒక్క ఏళ్లలో చీటీ లేకుండా నా చేతి నుంచి బయటికి పోయింది అదొక్కటే. పోనీ నాలుగు డబ్బాలు అనుకోండి.

ఆ రోజు నుంచి ఓబులయ్యను ఆమే నడిపించింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, దుప్పట్లు దాచే గదిలో, తలుపు వేసి. నేల మీద మాత్రం కాదు. నాలుగు మడతలు పెట్టిన రగ్గులు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిచి, వాటి మీద నడిపించింది. కాలికి బలం రావాలి, మడమ గట్టిపడకూడదు. పొద్దున వేడినీళ్లలో నానబెట్టడం, సాయంత్రం వాజలీన్ రుద్దడం. డాక్టరమ్మ రౌండ్సుకు వచ్చినప్పుడు “ఇంగా లేదమ్మా” అనడం. డాక్టరమ్మకు అనుమానం రాలేదని నేను చెప్పలేను. ఆమె ఆ మంచం దగ్గర ఎక్కువసేపు నిలబడేది కాదు, అంతే.

ఎలక్షన్లు రెండు నెలల్లోకి వచ్చాయి. ఒక మధ్యాహ్నం చిన్నసుబ్బయ్య వచ్చాడు. ఈసారి పండ్లు లేవు. తొమ్మిదో మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

“మా నాయన రెండేండ్లు మంచంలో ఉండి పోయినాడు. నేనే చూసుకుంటి. ఆ రగ్గు తీయమ్మా, ఈని కాళ్లు చూడల్ల,” అన్నాడు.

నేను వరండాలోంచి చూస్తున్నాను. స్తంభం చాటుకు జరిగాను. కరుణమ్మ మాత్రం రగ్గు పక్కకు లాగి చేతులు కట్టుకుని నిలబడింది. చిన్నసుబ్బయ్య ఓబులయ్య మడమను అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో నొక్కాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఆ కొద్దిసేపట్లో నేను ఎన్ని దువాలు చదివానో నాకే తెలియదు.

“మెత్తబడిపోయినాడే పాపం,” అని కాలు నెమ్మదిగా కింద పెట్టాడు. నిజంగానే జాలిపడ్డాడు. పోతూ పోతూ, “బాగా చూసుకోమ్మా,” అని కరుణమ్మకు చెప్పి వెళ్లాడు. వాడు గేటు దాటాక ఆమె దుప్పట్ల గదిలోకి పోయి, గోడకు ఆనుకుని కూలబడి, చాలాసేపు ఏడ్చింది.

ఆ తరువాత జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నామినేషన్లకు వారం ముందు ఆ రెండు వర్గాల పెద్దలూ పులివెందులలో ఒకే స్టేజీ ఎక్కి, ఒకే పార్టీ కండువా కప్పుకుని, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకున్నారు. కేసులో రాజీ అయిపోయింది. చచ్చినవాళ్లు చచ్చారు, గొర్రెలు పోయాయి, ఓబులయ్య చూసిన నిజం ఎవరికీ అక్కరలేకుండా పోయింది. చిన్నసుబ్బయ్య ఇంకోసారి వచ్చి, “ఇంగ యేం భయంలేదని చెప్పండి,” అని, ఈసారి బత్తాయిలూ ఆపిల్ పండ్లూ రెండూ ఇచ్చిపోయాడు.

మరుసటి రోజు కరుణమ్మ తువ్వాలు పక్కన పెట్టి, “ఇంగ నేల మీద నడువు నాయనా,” అంది. పట్టపగలు, అందరూ చూస్తుండగా, ఓబులయ్య కాస్త కుంటుతూ గేటు దాటి బస్సెక్కాడు. డాక్టరమ్మ ఆశ్చర్యపోయినట్టు బాగానే నటించింది.

తరువాత కొన్నేళ్లకు బాంబులు తగ్గాయి. లాంగ్ వార్డులో దాక్కునే మనుషులు, పండ్లు తెచ్చేవాళ్లు కనబడడం మానేసి, ముసలివాళ్లు నిండారు. పక్షవాతం, విరిగిన తుంట్లు, మతిమరుపు. జనం ఎక్కువకాలం బతకడం మొదలుపెట్టారు గదా, వాళ్లను చూసే ఓపిక మాత్రం ఇళ్లలో అంతగా పెరగలేదు. కరుణమ్మ మాత్రం మారలేదు. అదే బకెట్టు, అదే తువ్వాలు.

అరవై నిండాక ఆమె రిటైరైంది. చెల్లెలి కూతురు సుబ్బమ్మ ఈ ఊళ్లోనే ఉంది, కళ్లల్లో పెట్టుకుని చూసుకుంది. కానీ ఆసుపత్రిలో కొత్త నియమం వచ్చింది. రోగుల తాలూకు మనుషులు తప్ప ఇంకెవరూ, రిటైరైనవాళ్లు కూడా, లోపలికి రాకూడదు. ముప్పై ఏళ్లు తాను కడిగిన వార్డును ఆమె గేటు దగ్గర నిలబడి చూసి వెళ్లిపోయేది. అలా ఎనిమిదేళ్లు. ఆ తరువాత ఇంట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి లాంగ్ వార్డుకు పంపారు. ఇచ్చిన మంచం పదకొండోది.

చూడ్డానికి పోతే మొహం వెలిగిపోతోంది. “నొప్పిగా ఉందా?” అంటే, “శానా బాగుండాదన్నా,” అంది. రెండున్నర నెలలు గడిచినా ఆమె మంచం దిగలేదు. ఇప్పుడు వార్డు చూసే డాక్టర్ జరీనా ‘లేస్తావా’ అని రోజూ అడుగుతుంది, ఈమె రోజూ, “ఇంగా లేదమ్మా,” అంటుంది. ఆ మాట నేను ఎక్కడో విన్నానే అనుకున్నాను గానీ, నా బుర్రకు తట్టలేదు.

ఓబులయ్యకు తట్టింది. ఏటా క్రిస్మస్‌కు తప్పకుండా వచ్చి చూసిపోయే మనిషి, విషయం తెలిసి వేంపల్లె నుంచి ఉన్నపళంగా వచ్చాడు. జుట్టు నెరిసింది, మనవళ్లున్నారు. నేను చూస్తుండగానే అక్క కాళ్ల దగ్గర కూర్చుని, రగ్గు పక్కకు తీసి, మడమలు చేతిలోకి తీసుకున్నాడు. గట్టిగా ఉన్నాయి. అరికాళ్లు నల్లగా ఉన్నాయి. ఫినాయిల్ వాసన.

ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

“తెల్లారి ఐదుకు లేస్తా,” అంది కరుణమ్మ చిన్నగా. “నాలుగో మంచం ముసలమ్మను ఒక పక్కకు తిప్పల్ల, ల్యాకుంటే ఈపు పుండ్లు పడ్తాది. పద్నాలుగో ఆయప్పకు నీళ్లు అందవు. కొత్త పిల్లోల్లకు తెలీదురా. నేను లేస్తానని తెలిస్తే ఇంటికి పంపిస్తారు. మళ్ళా గేటు బయటే.”

ఓబులయ్య తలగుడ్డ విప్పి, చెంబులో నీళ్లతో తడిపి, ఆ అరికాళ్లు తుడవడం మొదలుపెట్టాడు. నలుపంతా పోయేదాకా తుడిచాడు. చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది. తుడిచాక ఆ పాదాలు వదలకుండా అడిగాడు.

“నాకు రాజీ కుదిరినాక నువ్వే తుడ్సడం మానేస్తివి అక్కా. నీకు ఎవురితో ఫ్యాక్షను? ఎవురికి భయపడి దాక్కుంటాండావు?”

కరుణమ్మ వరండా వైపు చూసింది. అక్కడ బల్ల మీద చాపాడు నుంచి వచ్చిన నాగులమ్మ అనే పెద్దావిడ పడుకుని ఉంది. పక్షవాతం. మంచం ఖాళీ లేదని రెండు రోజులుగా అక్కడే ఉంచారు. ఆమె కొడుకు ఒక చేత్తో సెలైన్ సీసా పట్టుకుని నిలబడ్డాడు. కరుణమ్మ చాలాసేపు అటే చూసింది.

సరిగ్గా అప్పుడే డాక్టర్ జరీనా రౌండ్సుకు వచ్చింది. “ఏమ్మా, లేచే ప్రయత్నమేమైనా...” అంటుండగానే కరుణమ్మ రెండు కాళ్లూ కిందికి దించింది. ఓబులయ్య అందించిన వాకర్ పట్టుకుని, నేల మీద, ఒక్కో అడుగే వేస్తూ వరండాలోకి నడిచింది. నాగులమ్మ కొడుకు భుజం తట్టి, “అట్ల కాదప్పా, తల కింద చెయ్యి పెట్టి ఎత్తల్ల. పదకొండో మంచం ఖాళీగా ఉండాది, తీసుకురా,” అంది.

నేను డాక్టర్ మొహం చూశాను. ఆశ్చర్యం లేదు.

“నాలుగో మంచం ఆమెకు పుండు ఎందుకు పడలేదో నాకు తెలీదనుకున్నావా?” అంది జరీనా. “తానంతట తాను తిరిగి పడుకునే మనిషి కాదు గదా ఆమె.”

కరుణమ్మ తల దించుకుంది. “తప్పేనమ్మా. ఇంటికి పంపించు. రేపు గేటు కాడ నన్ను రానిస్తారా? ఊరికే కాసేపు.”

“ఊరికే ఎందుకు? మా కొత్త ఆయాలకు నేర్పించడానికి రా. నియమం మార్చమని నేనే అడుగుతాను. అంతవరకు నా పేరు చెప్పు.”

మరుసటి రోజు పొద్దున నేను కూడా కావాలనే పోయాను. సుబ్బమ్మ ఆటోలో తీసుకొచ్చి దింపింది. కరుణమ్మ వాకర్ ఠకఠకలాడించుకుంటూ గేటు దాటింది, ఎవరూ ఆపలేదు. వార్డులో ఇద్దరు కొత్త ఆయాలు బకెట్టు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. కరుణమ్మ పదకొండో మంచం దగ్గర స్టూలు మీద కూర్చుని, నాగులమ్మ మడమను అరచేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కింది.

“ఇంగా గట్టిగానే ఉండాది. మెత్తబడేలోపల నేలకు తగిలియ్యల్ల. పట్టుకోండి, లేపుదాం,” అంది.