బోరింగుకు ఎర్ర రంగు

మా మేడం పోయారన్న కబురు అందేసరికి నేను బెంగళూరు కె.ఆర్.పురం స్టేషన్ మెట్ల మీద ఉన్నాను. మూత్రపిండాలు చెడి రెండేళ్ళుగా మంచం మీదే ఉన్నారు. "ఆ ల్యాబ్ పాలకూరే ఆవిణ్ణి తినేసింది" అన్నాడు ఫోన్‌లో మిత్రుడు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ వింటే ఊరుకునేవారా? "ఒక్క మనిషిని చూసి తీర్పు చెప్పేదానికి నువ్వేం జడ్జివాప్పా?" అని దులిపేసేవారు.

తొంభైల చివర ఆవిడ దగ్గర పరిశోధన చేసేవాణ్ణి. బెంగళూరు పక్కనున్న జిగణిలో ఆకుకూరలు పండించే ఒక అక్క పొలంలో మాకు రెండు పాలకూర మళ్ళు. ఒకదానికి ఫ్యాక్టరీల మురుగు కాలవ నీళ్ళు. రెండోదానికి ఊరంతా తాగే బోరింగు నీళ్ళు. అది పోల్చి చూడటానికి పెంచిన మంచి మడి. పరీక్షకు పోగా మిగిలిన మంచి మడి ఆకుతో మేడం పప్పు వండి తెచ్చేవారు. ప్రతి శనివారం ల్యాబంతా అదే భోజనం. "పారేస్తే పాపమప్పా, తినండి" అని కొసరి కొసరి వడ్డించేవారు. ఉప్పు మాత్రం ఎప్పుడూ ఎక్కువే.

ఫ్యాక్టరీల మురుగులో ఉండే కాడ్మియం మనిషి మూత్రపిండాలను తినేసే లోహం. అది వేళ్ళకు తగిలితే మొక్క ఊరికే కూర్చోదు. నిద్రపోతున్న జీన్లను లేపి, ఆ లోహాన్ని పట్టి కట్టేసే ప్రోటీన్లు చేయించుకుంటుంది. పైకి ఆకు నవనవలాడుతూనే ఉంటుంది. జీను మేలుకున్న సంగతి మాకు ఎక్స్‌రే ఫిల్ము మీద నల్ల గీతగా తెలిసేది. మురుగు మడికి గీత వచ్చింది. మంచి మడికి రాకూడదు. అదీ వచ్చింది, అంతే నల్లగా.

నమూనాలు కలిపేశానేమోనని మూడుసార్లు మళ్ళీ చేశాను. అదే గీత. థీసిస్ గట్టెక్కితే చాలనుకుని, "వేరే నీళ్ళతో ఇంకో మడి వేసి, దీన్ని వదిలేద్దాం మేడం" అన్నాను. ఛీ, ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మేడం ఫిల్మును కిటికీ వెలుగులో పట్టి చూశారు. "తప్పు నీది కాదు, మొక్కదీ కాదు. అది నిజం చెప్తా ఉండాది. నోరు మూసుకోమనేదానికి మనమెవరప్పా?"

బోరింగు నీళ్ళు పరీక్ష చేయించాం. కాడ్మియం ఉంది. ఫ్యాక్టరీల తరఫున ఒక పెద్దమనిషి వచ్చి, ఊరి పేరు రాయొద్దన్నాడు. "ఆ నీళ్ళతోనే కాఫీ పెట్టిస్తా సార్, తాగినాక మాట్లాడుదాం" అన్నారు మేడం. ఆయన తాగలేదు. ఊరి పేరు నా థీసిస్‌లో అలాగే ఉంది.

పరీక్ష ఫలితం వచ్చిన మర్నాడే ఎర్ర రంగు డబ్బాతో జిగణి వెళ్ళాం. ఆవిడే కొంగు దోపుకుని బోరింగుకు రంగు పూశారు, ఎవరూ తాగకుండా. "నీళ్ళు తియ్యగుండాయి కదా మేడం!" అని పొలం అక్క ఏడ్చినంత పని చేసింది. "పాలకూర కూడా పచ్చగానే ఉండాది కదమ్మా" అన్నారు. ఊరికి మంచినీళ్ళ ట్యాంకరు వచ్చేదాకా మూడేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఒక్కరోజు కూడా ఎవరినీ బతిమాలలేదు, నిలదీశారు.

దహనం అయ్యాక నేరుగా జిగణి వెళ్ళాను. ఇన్నేళ్ళకు రంగు వెలిసిపోయి ఉంటుందని కొత్త డబ్బా కొనుక్కుని మరీ వెళ్ళాను. బోరింగు తడి ఆరని ఎరుపుతో నిలబడి ఉంది. పక్కనే జుట్టు నెరిసిన పొలం అక్క, వేళ్ళనిండా రంగు.

"వెలిసేదానికి ముందే పుయ్యమని చెప్పినారు కదప్పా. ఏటా పూస్తా ఉండా. ఈ తూరి కబురు తెలిసి, పొద్దున్నే పూసేసినా" అంది.

నా డబ్బా ఆమె చేతికిచ్చాను, వచ్చే ఏటికి.