ఆరుసార్లు విని కూడా వినని చప్పుడు

లైప్‌జిగ్ నగరంలో రోస్‌వితా కెంపె గారి వృత్తి పాటలు వినడం. రికార్డులు అచ్చువేసే చిన్న ఫ్యాక్టరీలో, కిటికీ లేని గదిలో, ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఒకే కుర్చీ. ముందు రికార్డు ప్లేయరు, చేతిలో పెన్సిలు, ఒళ్లో గళ్ల కాగితం. అచ్చులో గీత ఎక్కడ పడింది, ఎన్నో నిమిషంలో చిటుక్కుమంది, అన్నీ రాసి కింద సంతకం పెట్టాలి. ఆ సంతకం పడందే ఒక్క రికార్డూ గుమ్మం దాటదు. బియ్యంలో రాళ్లేరే మనిషికి అన్నం రుచితో ఎంత సంబంధమో, రోస్‌వితాకు సంగీతంతో అంత. ఆమె పట్టిన తప్పులు వేలల్లో ఉంటాయి. వదిలేసిన తప్పు ఒక్కటీ లేదని ఫ్యాక్టరీలో నమ్మకం, ఆమెకు రూఢి.

ఆ రూఢికి గండి కొట్టిన రికార్డు పేరు ‘తడిసిన గంటలు’.

మూతపడిన లాండ్రీలో ఒక అక్కా తమ్ముడూ కలిసి చేసిన ఆల్బమ్ అది. గిటారు తీగలు పొగమంచులో దారి తప్పినట్టుంటాయి. డ్రమ్ము పక్కింట్లో ఎవరిదో గుండెలా కొట్టుకుంటుంది. వాటి మీద అక్క తాబెయా గొంతు, ఏ భాషో చెప్పకుండా తేలిపోతుంది. దీన్ని ఈథీరియల్ డార్క్‌వేవ్ అంటారనీ, పెంతెకొస్తు పండక్కి ఊరి మీదికి దిగే నల్లబట్టల జనం దీనికే ప్రాణాలిస్తారనీ రోస్‌వితాకు తెలుసు. పండగ శుక్రవారం కచేరీలో అమ్మాలని తాబెయా మూడు వందల రికార్డులు అచ్చుకిచ్చింది.

నియమం ప్రకారం ప్రతి యాభైలో ఒకటి చొప్పున రోస్‌వితా ఆరు విన్నది. ఆరుసార్లూ ముల్లు చివరికొచ్చి గరగరలాడినప్పుడే ఆమెకు ఒళ్లు తెలిసింది. ఆరుసార్లూ కాగితం తెల్లగానే ఉంది. రాయడానికి ఏమీ లేదంటే తప్పులు లేనట్టే కదా. సంతకం పెట్టేసింది.

మంగళవారం సాయంత్రం వంటింట్లో ఏడోసారి పెట్టింది, ఈసారి సొంతానికి. ట్రాము నడిపే మొగుడు లోటార్ బూట్లు విప్పుతూ చెవి రిక్కించాడు.

“ఇదేంటే, చక్రం చదునైంది.”

“ఏ చక్రం?”

“టక్, టక్ మంటోంది చూడు.”

“అది పాటలోదే.”

“పాటలోదైతే తాళంలో పడాలిగా. ఇది తన దారిన తను పోతోంది. మొన్న మా బండి చక్రం ఒకచోట అరిగి చదునై ఇలాగే కొట్టుకుంటే డిపోకి తోలాం.”

రోస్‌వితా ముల్లు వెనక్కి పెట్టింది. రెండో వైపు, మూడో పాట. పన్నెండు చుట్లు, చుట్టుకో టక్కు.

“ఆరుసార్లు విన్నాను లోటార్.”

“మరి?”

“వింటూ ఉండిపోయాను.”

పెళ్లైన ఇన్నేళ్లలో లోటార్‌కు ఆమెను ఆటపట్టించే అవకాశం ఇంత చక్కగా ఎన్నడూ దొరకలేదు. ఆమె మొహం చూసి వదిలేశాడు.

పొద్దున్నే యజమాని గ్రూట్స్నర్ తల పట్టుకున్నాడు. “ఎవరికి తెలుస్తుంది కెంపె గారూ? చీకట్లో కళ్లు మూసుకుని ఊగేవాళ్లు కొంటారు.”

“సంతకం కళ్లు తెరిచే పెట్టానండీ.”

గ్రూట్స్నర్ ఆ మూడు వందలూ పక్కన పెట్టించాడు. అచ్చుపలక కొత్తది చేయించాడు. దాని తొలి రికార్డు మీద గురువారం నాలుగింటికల్లా సంతకం పడితే మిషన్లు తిప్పి మర్నాటికి సరుకు ఇవ్వగలడు. పడకపోతే తాబెయా ఉత్త చేతులతో పాడుకోవాలి. చిక్కల్లా ఒకటే. వినాల్సింది మళ్లీ రోస్‌వితాయే, పాటా మళ్లీ అదే. తన చెవుల మీద ఆమెకు నమ్మకం పోయింది. తాబెయాకే ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పి రమ్మంది.

గురువారం నల్ల లేసు గౌనులో, మొహానికి సున్నం కొట్టినంత పౌడరుతో తాబెయా దిగింది.

“నా పాటకి నిద్రపోయారా?”

“నిద్రైతే బావుండేది తల్లీ, నా గురకకి నేనే లేచేదాన్ని.”

పాడిన మనిషికి తన పాట మత్తెక్కదని రోస్‌వితా లెక్క. ఎక్కలేదు. మొదటి వైపు అయ్యేసరికి తాబెయా కాగితం నిండిపోయింది.

“ఇక్కడ శ్రుతి జారింది. ఇక్కడ తమ్ముడు దగ్గు మింగాడు. ఇక్కడైతే నేనసలు పాడకుండా ఉండాల్సింది.”

“ఇవన్నీ నీ తప్పులమ్మా. నాకు నావి కావాలి.”

గంట మూడు దాటింది. రోస్‌వితా పండక్కని కొన్న రెండు కిలోల తెల్ల ఆస్పరాగస్ కాడలు సంచీలోంచి తీసి ఇద్దరి మధ్యా పోసింది. “చెయ్యి పనిలో ఉంటే మనసు మరీ దూరం పోదు. మొన నుంచి కిందికి చెక్కాలి. అలా కాదు, విరుగుతుంది. మీ అమ్మ నేర్పలేదూ?”

“మా అమ్మ డబ్బాలో కొనేది.”

“పాపం” అంది రోస్‌వితా, మనస్ఫూర్తిగా.

రెండో వైపు మొదలైంది. మూడో పాటలో తాబెయా గొంతు పైకి లేచేసరికి రోస్‌వితా చాకు నెమ్మదించింది, ఆగింది. తాబెయా మోచేత్తో పొడిచింది. చాకు కదిలింది. పన్నెండు చుట్లు గడిచాయి. పాట, చెక్కు రాలే చప్పుడు, అంతే. మరో చప్పుడు లేదు. ముల్లు లేచాక రోస్‌వితా చేతులు తుడుచుకుని నాలుగుకు అయిదు నిమిషాలుండగా సంతకం పెట్టింది.

“ఎలా ఉంది?” అంది తాబెయా, ఒళ్లోని తొక్కలు దులుపుకుంటూ.

“చెప్పాగా, టక్కు లేదు.”

“అది కాదు. పాట.”

ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆ కుర్చీలో ఎవరూ అడగని ప్రశ్న. గళ్ల కాగితంలో దానికి గడి కూడా లేదు. రోస్‌వితా పెన్సిలు పక్కన పెట్టింది.

“వంక పెట్టడానికేం లేదు” అంది.

ఇంకో ఊళ్లో అయితే ఆ మాటకు మొహం మాడ్చుకుంటారు. తాబెయా ఈ గడ్డ మీదే పుట్టింది. పెళ్లికూతుర్ని చూసి కూడా ఇక్కడ ఇంతకు మించి అనరు. తాబెయా కాటుక కరిగి తెల్ల పౌడరు మీద చారలు కట్టింది.

“మీరు మరీ పొగిడేస్తున్నారు కెంపె గారూ.”