తంగేడుపై తుమ్మెద

వాగధిదేవతయైన శారదకు నమస్కరించి, పూవుకూ పురుగుకూ చెలిమి కూర్చిన సృష్టికర్తను స్మరించి ఈ వృత్తాంతం ఆరంభిస్తున్నాను.

నా ఉద్యోగపు చివరి యేట, భాద్రపద బహుళ ఏకాదశి నాడు, తంగేడు పూవును దాని కీటకంతో సహా ఛాయాచిత్రం తీసే పని నాకు అప్పగించారు. నారాయణగూడలో మొక్కల వివరాలు నమోదు చేసే ఒక చిన్న కార్యాలయంలో నేను ప్రథమశ్రేణి ఛాయాగ్రాహకుణ్ణి. నాపై శాఖాధికారిణి సుభద్ర గారు. నగరంలోని అడవిపూలపై ఆమె కూరుస్తున్న పుస్తకంలో ప్రతి మొక్కకు మూడు చిత్రాలు ఉండితీరాలి: నిలిచిన మొక్క, విచ్చిన పూవు, ఆ పూవుపై వాలిన ముఖ్యకీటకం. మూడవది లేని మొక్కకు పుస్తకంలో చోటు లేదు. తంగేడుకు ముఖ్యకీటకం పెద్ద నల్ల తుమ్మెద.

మా ఎరుకలో ఉన్న తంగేడు పొద ఒక్కటే. అది అశోక్‌నగర్‌లో రెండు హాస్టళ్ళ నడుమ ఖాళీ స్థలంలో ఉంది. దసరా వెళ్ళగానే అక్కడ పునాదులు తవ్వుతారు. ఆలోగా చిత్రం రాకపోతే తంగేడు పుస్తకంలోకి రాదు.

ద్వాదశి నాడు తెల్లవారుతుండగా చిక్కడపల్లిలోని మా ఇంటి నుండి కెమెరా సంచి, మూడుకాళ్ళ స్టాండు భుజాన వేసుకొని నడిచి వెళ్ళాను. అంత దగ్గర నుండి తీసేటప్పుడు స్పష్టంగా పడే లోతు వడ్లగింజ మందమే ఉంటుంది. దాని ముందువీ వెనుకవీ మసకబారుతాయి. కావున కీటకం ఎక్కడ నోరు పెడుతుందో ముందే నిశ్చయించుకొని అక్కడ ఫోకస్ నిలపడం మా పద్ధతి. కావ్యాలు చదివి పెరిగిన నాకు, తుమ్మెద పూవును చేరేది మకరందానికే అన్నది సందేహించదగిన సంగతి కాదు. రేకులు కలిసే మొదట, తేనె ఉండదగిన చోట ఫోకస్ నిలిపాను. తుమ్మెదలు వచ్చాయి. నా కెమెరాలో మాత్రం నల్లని మసకలే పడ్డాయి. త్రయోదశి నాడూ అంతే.

సహోద్యోగి శేషగిరి గారు ఒక ఉపాయం చెప్పారు. "మూర్తి గారూ, కిటికీలో చచ్చిపడిన తుమ్మెద ఒకటి ఉందండీ. పూవు మీద కూర్చోబెట్టి తీసెయ్యండి. అదేమైనా వచ్చి సాక్ష్యం చెబుతుందా?"

చచ్చిన తుమ్మెద కాళ్ళు పూవును పట్టుకోవని, అది చిత్రం కాక బొమ్మలకొలువు అవుతుందని చెప్పి కాదన్నాను.

చతుర్దశి ఉదయం ముగ్గురు స్త్రీలు పొద దగ్గరకు వచ్చారు. మహబూబ్‌నగర్ వైపు నుండి వచ్చి సమీపంలో కట్టడం పనులు చేసుకొనేవారు. వారిలో పెద్దామె పేరు బాలమణి.

"ఏంది సారు, పొద్దుగాల్నుంచి పువ్వునే జూస్తున్నరు. గది లేసి పోతదా?" అన్నది.

"పెండ్లిచూపులల్ల గూడ గింతసేపు జూడరక్కా," అని పక్కామె నవ్వింది.

మరునాడు అమావాస్య; బతుకమ్మ పండుగకు తొలినాడైన ఎంగిలిపూల బతుకమ్మ. తెల్లవారగానే వచ్చి పూలన్నీ కోసుకుపోతామని వారు చెప్పారు. ఒక్క కొమ్మ విడిచిపెట్టమని కోరాను.

"తంగేడు లేని బతుకమ్మ ఏం బతుకమ్మ సారు? తలా గిన్ని గూడ రావు. ఈడ తవ్వేది గూడ మేమే, వచ్చేయేడు యాడ దొరుకుతయి?"

వారు వెళ్ళాక, అలసటతో కెమెరా విడిచి కళ్ళు మూసుకున్నాను. అప్పుడు గాని ఒక భేదం చెవికి తోచలేదు. ఎగిరేటప్పుడు తుమ్మెదది మంద్రనాదం. పూవును పట్టగానే ఒక్క లిప్తపాటు అది తారస్థాయికి లేస్తున్నది. కళ్ళు తెరిచి చూస్తే, తుమ్మెద రేకుల మొదటికి పోనేలేదు. పూవు నడుమ వంగిన కేసరాలను కౌగిలించి వణుకుతున్నది.

సుభద్ర గారికి ఫోన్ చేశాను. తంగేడులో తేనె లేదని, దాని పుప్పొడి తిత్తులు కొసన సన్నని రంధ్రం గల డబ్బీల వంటివని, తుమ్మెద ఒంటి కండరాలను అదిరించి ఆ పొడిని దులుపుకుంటుందని ఆమె వివరించారు. ఆ తారస్వరం దులుపుతున్నప్పటిదే.

అమావాస్య నాడు చీకటి విడిచేసరికి ఫోకస్ కేసరాల కొసన నిలిపి సిద్ధంగా ఉన్నాను. బాలమణి బృందం బుట్టలతో వచ్చింది. తుమ్మెద ఒక్కసారి వాలేదాకా ఆగమని అడిగాను.

బాలమణి పొదవైపు చూసింది. "మా అత్త చెప్తుండె, తుమ్మెద ముట్టిన పువ్వే ఎంగిలిపువ్వని. సరే, ముట్టనీ. గానీ ఎండ గోడ దిగేదాకే సారు, పనికి పోవాలె."

ఎండ హాస్టలు గోడపై సగానికి దిగింది. ఇంతలో గాలి లేచి కొమ్మ ఊగసాగింది. నేను అడగక మునుపే ముగ్గురూ గాలికి అడ్డంగా వరుసగా నిలిచి కొంగులు చాచారు.

"గోడలు కట్టుడు ఎరికే గని, గోడలై నిలవడుడు ఇదే మొదలు," అన్నది పక్కామె.

"నవ్వకే, కొంగు ఊగుతది," అని బాలమణి గదమాయించింది.

మంద్రనాదం వినవచ్చింది. కంటితో వెదకలేదు. స్వరం తారస్థాయికి లేచిన క్షణాన మీట నొక్కాను. తుమ్మెద కాళ్ళు, కేసరాల కొసలు, దాని రొమ్మున పచ్చగా రాలుతున్న పుప్పొడి, మూడూ స్పష్టంగా పడ్డాయి. తలయూపి పక్కకు తొలగాను. వారు పూలన్నీ కోసుకొని పనికి వెళ్ళారు.

కీటకం ఏ పూవుపై వాలుతుందో తెలిస్తే చాలదు; దేనికోసం వాలుతుందో తెలిసినప్పుడే ఫోకస్ ఎక్కడ నిలపాలో తెలుస్తుంది. అది పుస్తకాలలో చదువుకొని వెళ్ళదగినది కాదు, పూవు దగ్గర నిశ్చయించుకోవలసినది. నేను ఆ వృత్తిలో నేర్చిన చివరి పాఠం ఇది.

ఆశ్వయుజ బహుళ తదియ నాడు ఆ స్థలంలో పొద పెకలించి పునాదులు తవ్వారు. మాఘ శుద్ధ దశమి నాడు పుస్తకం అచ్చయి వచ్చింది. అందులో తంగేడు ఉంది.