కర్చీఫూ హెలికాప్టరూ

హనుమాన్ జంక్షన్‌లో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేశాను. ఎక్కి చూస్తే దాని మీద ఓ పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"సీటుకి కర్చీఫ్ వేశానండీ."

"నేను ఏలూరు నుంచీ నిలబడొచ్చా."

ఒళ్ళు మండింది. పక్కనే ఇరుక్కుని లాప్‌టాప్‌లో ఆట తెరిచాను. నాది ట్యాంకుల్ని కొట్టే చిన్న హెలికాప్టర్. రేకు పల్చన కాబట్టి కొండచాటున దాక్కుని, పైకి లేచి మిసైల్ వదిలి, మళ్ళీ దాక్కోవాలి. ఆయన చూస్తూనే ఉన్నాడు.

"ఎదురెళ్ళవా?"

"వెళితే చస్తానండీ."

"అంతేలే. బయటనుంచి కర్చీఫ్ విసిరే రకానివి."

పౌరుషం పొడుచుకొచ్చి ట్యాంకుకి ఎదురెళ్ళాను. మొదటి గుండుకే కూలిపోయాను.

బెంజి సర్కిల్లో దిగుతూ, నలిగిపోయిన నా కర్చీఫ్‌ని కీబోర్డు మీద పడేసి పోయాడు.

ఆయన గుర్తొస్తే ఇప్పటికీ మంటే. కర్చీఫ్ మాత్రం మళ్ళీ ఏ కిటికీలోంచీ వెయ్యలేకపోయాను.