మంచిగ లేదు, అయినా కావాలె

మా అత్తమ్మ పోయింది. సూర్యాపేట దవాఖాన నుంచి నా భర్త ఫోన్ చేసినప్పుడు నేను బడిలో రెండో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. "అమ్మ లేదే" అన్నాడు. మింగడం చేతకాక, తాగించిన నీళ్లే ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేరిందని డాక్టర్లు ముందే చెప్పారు. కాబట్టి అది ఊహించని వార్త కాదు. అయినా ఆ మాట వినగానే నా చేయి నడుము దగ్గర దోపుకున్న తాళంచెవి మీదికి పోయింది. ఆమె మందు గోలీలు పెట్టిన బీరువా తాళంచెవి అది. దీన్ని ఇక ఎవరి నుంచి దాచాలి అనుకుంటూ పిల్లల ముందు అలాగే నిలబడిపోయాను. ఏడుపు చాలాసేపటికి గానీ రాలేదు.

చివరి రెండేళ్లలో ఊళ్లో ఆమెకు 'గోలీల ముసలమ్మ' అని పేరు పడింది. మట్టి చేసి తిరిగొస్తుంటే కూడా వెనక నుంచి ఎవరో ఆ పేరే అన్నారు. అందుకే ఇది రాస్తున్నాను. ఆ పేరు ఆమెది కాదు.

మాది కోదాడ దగ్గర చిలుకూరు మండలంలో ఒక ఊరు. చుట్టూ కాల్వ కింద వరి. మా అత్తమ్మ నాట్లు వేసే ఆడవాళ్ల గుంపుకు పెద్ద. రైతు ఎవరైనా ముందు ఆమె దగ్గరికే వచ్చేవాడు. తెల్లవారకముందే వీధిలో నిలబడి ఒక్కొక్కరినీ ఇంటి పేరుతో కాక వాళ్ల పిల్లల పేర్లతో కేకేసేది. బురదలో దిగాక ఆమె నడుము వంచితే వరుస చివర గానీ లేచేది కాదు. మధ్యలో పాటలు, తిట్లు, నవ్వులు అన్నీ ఆమెవే. కల్లు ముట్టేది కాదు. తంబాకు కూడా లేదు. ఆదివారం ప్రార్థనకు తెల్లచీర కట్టుకుని ముందు వరుసలో కూర్చుని, పాస్టరు ఎక్కువసేపు మాట్లాడితే మాత్రం కునికేది.

నేను హుజూర్‌నగర్ నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. తర్వాత నెలలపాటు నాకు మంచం దిగబుద్ధి కాలేదు. తల దువ్వుకోవడం కూడా ఎందుకు అనిపించేది. అందరూ ఓదార్చారు. అత్తమ్మ ఓదార్చలేదు. ఒక పొద్దున నా చెయ్యి పట్టి లేపింది.

"నడువు పొలం కాడికి."

"నాకు పోబుద్ధి అయితలేదు అత్తమ్మా."

"పోబుద్ధి అయినంక పోత అంటవా? గట్ల ఎన్నడు పోతవ్? ముందు దిగు. ఇష్టం మడిలనే ఉంటది, దిగినోళ్లకే దొర్కుతది."

నన్ను నాటు వేయమనలేదు. గట్టు మీద కూర్చోబెట్టి నారు కట్టలు అందించమంది. మొదటి రోజు ఊరికే అందించాను. తర్వాత ఏ వరుసకు కట్టలు తక్కువ పడుతున్నాయో చూడసాగాను. ఒకనాడు వాళ్ల నవ్వులకు నేనూ నవ్వాను. ఆ ఏడే ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుపెట్టాను, తర్వాత టీచరునయ్యాను. ఇవాళ నేను నా కాళ్ల మీద నిలబడి ఉన్నానంటే ఆ గట్టే కారణం.

అలాంటి మనిషి ఒక నాట్ల కాలంలో పొద్దెక్కినా మంచం దిగలేదు. గుంపులోని ఆడవాళ్లు వచ్చి పిలిచారు. "మీరు పోండ్రి" అంది. ఒంట్లో బాగాలేదా అంటే బాగానే ఉందంది. మర్నాడూ అంతే. "ఏమో బిడ్డా, ఏం చెయ్యాలనిపిస్తలేదు" అంది. ఆమె నోట ఆ మాట విని నాకు భయమేసింది. ఆ తర్వాతే కుడిచెయ్యి వణకడం మొదలైంది. నడక చిన్నదైంది. ముఖంలో నవ్వు కనిపించడం మానేసింది, నవ్వుతున్నప్పుడు కూడా.

సూర్యాపేటలో నరాల డాక్టరు చూసి, ఇది పార్కిన్సన్స్ అన్నాడు. గోలీలు రాశాడు.

ఆ గోలీలు మొదట చేసిన మేలు నేను మరచిపోలేను. కొద్ది రోజుల్లోనే ఆమె తన కొప్పు తనే ముడుచుకుంది. మళ్లీ పొలం గట్టు మీదికి వెళ్లి నిలబడి అందరినీ కేకేసింది. "నన్ను లేపింది మీరెవ్వలు కాదు, ఈ గోలి" అని చుట్టుపక్కల అందరికీ చూపించేది. అప్పుడు మేమంతా నవ్వాం.

తర్వాత గోలి బలం తొందరగా దిగిపోసాగింది. మధ్యాహ్నానికే కాళ్లు నేలకు అతుక్కుపోయేవి. డాక్టరు మోతాదు పెంచాడు. పెంచాక ఆమె బియ్యం ఏరడం మొదలుపెట్టింది.

మొదట మాకేమీ అనుమానం రాలేదు. చాటలో బియ్యం పోసుకుని రాళ్లు, వడ్లగింజలు ఏరేది. కానీ పొద్దున కూర్చుంటే నేను బడి నుంచి వచ్చేదాకా అదే చాట. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది. బియ్యం శుభ్రమయ్యాక, ఏరిన రాళ్లను మళ్లీ అందులోనే కలిపి మొదటి నుంచి ఏరేది. గోళ్ల పక్కన తోలు లేచి నెత్తురు వచ్చినా ఆగేది కాదు. చాట తీసేస్తే కోపంతో వణికిపోయేది. మధ్య మధ్యలో ఒకటే ప్రశ్న: "గోలి టైం అయిందా?" కాలేదంటే, గడియారం ఆగిపోయిందనేది. ఇచ్చిన సంగతి మరిచిపోయానని నాతో వాదించేది. అబద్ధం ఎరగని మనిషి అబద్ధాలు నేర్చుకుంది. దిండు గలీబులో, మసాలా డబ్బాలో గోలీలు దొరికాయి. అప్పుడే బీరువాకు తాళం వచ్చింది.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం. ఎవరినడిగినా తెలియదన్నారు. నేను కోదాడ బస్టాండుకు పరుగెత్తాను. అక్కడుండగా మిర్యాలగూడ నుంచి నా భర్త ఫోన్ చేశాడు. ఆయన అక్కడ రైస్ మిల్లులో పని చేస్తాడు, ఆదివారాలే ఇంటికి వస్తాడు.

"అమ్మ మిల్లు కాడికి వచ్చింది. గోలీలు అయిపోయినయని నువ్వే పంపినవట గద?"

"నేనెందుకు పంపుత? నిన్ననే తెచ్చి పెట్టిన."

"నేను కొనిచ్చి బస్సు ఎక్కించొచ్చిన" అన్నాడు.

ఆ బస్సు కోదాడ వచ్చింది గానీ అందులో ఆమె లేదు; కదిలేలోపే కిందికి దిగిపోయిందని కండక్టరు చెప్పాడు. మేమిద్దరం చెరో వైపు నుంచి చేరేసరికి మిర్యాలగూడ బస్టాండులో ఒక బెంచీ మీద ఉంది. చేతిలో సగం ఖాళీ అయిన గోలీల అట్ట. ఒళ్లంతా మెలికలు తిరుగుతోంది. మెడ ఒకవైపు, భుజం ఒకవైపు లాగేస్తున్నాయి. నోరు ఏదో నములుతున్నట్టు ఆగకుండా కదులుతోంది. ఎదుటి బెంచీ మీది తల్లి తన పిల్లలను దగ్గరికి లాక్కుంది. "మస్తుగ తాగింది ముసలిది" అన్నాడొకతను. నా భర్త అతని మీదికి పోబోయాడు. అత్తమ్మ కొడుకు చొక్కా పట్టుకుంది. "వద్దురా. గట్లనే అనుకోనియ్. గోలి కోసం వచ్చిన్నని తెలిస్తే ఇంక సిగ్గు" అంది.

మర్నాడు సూర్యాపేట తీసుకెళ్లాం. డాక్టరు ఆమెను బయట కూర్చోబెట్టించి మాకు ఓపికగా చెప్పాడు. "మెదడుల డోపమైన్ అని ఒక రసాయనం ఉంటది. కాళ్లుచేతులు కదలాలంటే అది కావాలె. ఏదన్న చెయ్యాలె, తెచ్చుకోవాలె అని మనసు ఉరకాలన్నా అదే కావాలె. ఆమెకు దాన్ని తయారుచేసే కణాలు చచ్చిపోతున్నయ్. అందుకే మొదట్ల ఏం చెయ్యబుద్ధి కాలే. ఇప్పుడు గోలితోటి మనం బయట నుంచి ఇస్తున్నం. కాళ్లకు సరిపోయేంత ఇస్తే, కోరిక పుట్టేకాడ ఎక్కువైతున్నది."

"అంటే తాగుడు లాంటిదేనా సార్?" అని నా భర్త అడిగాడు.

"తాగుడైనా గంజాయైనా చివరికి మెదడుల ఈ దారినే పట్టుకుంటయ్. కాకపోతే తాగెటోళ్లు తామే తెచ్చుకున్నరు. ఈమెకు మనమే మందుగ ఇచ్చినం, ఇయ్యక తప్పదు. అందరికి గిట్ల కాదు. కొందరికి అయితది. ఆమె తప్పేం లేదు. డోపమైన్‌ను సంతోషం రసాయనం అంటరు గని, అది సంతోషం కన్న ఎక్కువ, వెంటపడుడుకు సంబంధించింది."

ఆ చివరి మాట నన్ను వదల్లేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, చివ్వెంల దాటాక, ఆమెను అడిగాను. "అత్తమ్మా, గోలి ఏసుకుంటే అంత మంచిగుంటదా?"

కిటికీలోంచి చూస్తూనే చెప్పింది. "మంచిగుండుడు ఎక్కడిది బిడ్డా. మొదట్ల ఉండె. ఇప్పుడు మంచిగ లేదు, అయినా కావాలె. పేగులు గుంజినట్టు కావాలె. ఏసుకున్నంక, ఇంకోటి ఎప్పుడా అని కావాలె. నన్ను నేను ఆపుదామని సూస్త. ఆపెటోళ్లు లోపల ఎవ్వలు లేరు."

డాక్టరు అరగంట చెప్పింది ఆమె ఆ నాలుగు ముక్కల్లో తన ఒంటి మీది నుంచి చెప్పింది. ఆ రోజు నేను బస్సులో ఆమె భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆమె నా తల నిమరాలని చూసింది. చెయ్యి తన మాట వినక నా చెవికి, ముఖానికి తగులుతూ ఉంది.

గోలీలు ఒక్కసారే ఆపకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. కొంచెం కొంచెంగా తగ్గించమన్నారు. ఆ నెలల గురించి ఎక్కువ రాయలేను. చెమటలు పట్టి, గుండె అదిరి, చచ్చిపోతున్నానని అరిచేది. నా కాళ్లు పట్టుకుంది. నాట్ల గుంపును నడిపించిన మనిషి, నన్ను మంచం మీది నుంచి లేపిన మనిషి, నా కాళ్లు పట్టుకుని "ఒక్కటియ్యి బిడ్డా, అరముక్క ఇయ్యి" అంది. ఇవ్వకపోతే వాకిట్లోకి పాక్కుంటూ వెళ్లి "కోడలు నన్ను సంపుతున్నది" అని కేకలు వేసింది. ఇరుగుపొరుగు వచ్చి నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. వాళ్లకు ఏమని చెప్పను? రసాయనం అని చెప్పనా?

తర్వాత కేకలు ఆగిపోయాయి. మేం గెలిచామనుకున్నాం. కానీ కేకలతో పాటే అన్నీ ఆగిపోయాయి. చాట ఎదురుగా పెట్టినా చూడలేదు. ఆకలి లేదు, దాహం లేదు. మనవరాలు, నా రెండో కాన్పు బిడ్డ, వచ్చి ఒళ్లో కూర్చుంటే చెయ్యి వేయలేదు. గోడవైపు తిరిగి పడుకునేది. బాధగా ఉందా అంటే లేదనేది. ఏం కావాలి అంటే, ఆ ప్రశ్న అర్థం కానట్టు చూసేది. మందు మార్చారు, కొంచెం పెంచారు, మళ్లీ తగ్గించారు. పెంచితే గుంజులాట, తగ్గిస్తే ఆ గోడ. ఆ రెండింటి నడుమ ఎక్కడో మా అత్తమ్మ ఉంది. ఆ చోటు మాకు దొరకలేదు.

ఒక ఆదివారం నా భర్త తల్లి పక్కన కూర్చుని, ముద్ద ఆమె నోటి దగ్గర పెట్టుకుని ఎంతసేపు బతిమిలాడాడో. నోరు తెరవలేదు. లేచి వచ్చి నా ముందు చెయ్యి చాపాడు. "తాళంచెవి ఇయ్యవే. ఓ గోలి ఎక్కువ ఇద్దాం. ఏడ్సుడన్న ఏడుస్తది. నిన్ను తిట్టుడన్న తిడ్తది." నేను ఇవ్వలేదు. ఇద్దరం వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాం.

తాగేవాళ్లను, గంజాయి పిల్లలను చూసి బుద్ధి లేదా అనేదాన్ని నేను. ఏ పనీ చేయనివాళ్లను చూసి బద్ధకం అనేదాన్ని. ఇప్పుడు అనలేను. కావాలనుకోవడం అనేది మన గుణం, మన గొప్ప అనుకుంటాం. అది ఎంత సన్నని దారం మీద వేలాడుతుందో నేను ఒక్క మనిషిలోనే, రెండు కొసల నుంచీ చూశాను.

దవాఖానలో చేర్చడానికి కొద్ది రోజుల ముందు సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. నాట్లు పడుతున్నాయి. పొద్దున్నే ఆమెకు ముఖం కడిగించడానికి చంకల కింద చేతులు పెట్టి నడిపిస్తూ తలుపు దాకా తీసుకొచ్చాను. గడప దగ్గర ఎప్పటిలాగే కాళ్లు అతుక్కుపోయాయి. అప్పుడు వీధిలో ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. నిండా ఆడవాళ్లు, కొంగులు నెత్తికి చుట్టుకుని, సద్దిగిన్నెలు ఒళ్లో పెట్టుకుని. ఇప్పుడు గుంపును నడిపే ఆమె మా అత్తమ్మను చూసింది. పాత అలవాటు కొద్దీ అనేసింది.

"అక్కా, వస్తవా?"

అని నాలుక కరుచుకుంది. మిగతావాళ్లు తల దించుకున్నారు. నా చేతుల్లో అత్తమ్మ ఒళ్లు ఒక్కసారి బిగుసుకుంది. ముఖంలో ఏ మార్పూ లేదు. పెదవులు మాత్రం కదిలాయి. గొంతు నాకు తప్ప ఎవరికీ వినిపించనంత సన్నగా ఉంది.

"వస్తున్న. నడువుండ్రి."

ఆ పూట గోలి ఇంకా ఇవ్వలేదు. ఆ మాట పూర్తిగా ఆమెదే. ఆటో కాసేపు ఆగి, మెల్లగా కదిలి, మలుపు తిరిగింది. ఆమె కుడికాలి మడమ నేల మీది నుంచి కొద్దిగా లేచింది. లేచి, గడప ఇవతల, అలాగే నిలిచిపోయింది.