నాలుక డాక్టరు

మరిది గెలిచిన ఆ తగువు వదిన కళ్లారా చూసింది. రేవుకి ఎదురుగా ఉన్న వాళ్ల మోటార్ల షాపులోకి పెద్ద పడవ యజమాని వచ్చి, జేబులోంచి రెండు కొత్త స్పార్క్ ప్లగ్గులు తీసి బల్లమీద టక్కున పెట్టాడు. మరిది చెప్పిన నంబరు కాదది. సొంత తెలివితో కొనుక్కొచ్చిన సరుకు.

"బజార్లో ఇంతకన్నా ఖరీదైనవి లేవు. బిగించు."

"మంచివేనండీ. మీ మోటారుకి మాత్రం పనికిరావు. పాతికేళ్ల మోటారది. ఇవేమో వేడిని పట్టుకుని కూర్చునే రకం. మీదానికి వేడిని వదిలేసే రకం కావాలి."

"ఎక్కువ డబ్బు పెట్టి కొన్నది తక్కువ దానికన్నా చెడ్డదెలా అవుతుందయ్యా?"

"జరీ చెప్పులైనా కాలికి పట్టాలి కదండీ!"

చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కున నవ్వారు. యజమానికి ఒళ్లు మండింది. తన మనిషి చేత వాటినే బిగింపించుకుని, పూర్తి వేగంతో ఏటి మలుపు దాకా వెళ్లాడు. వెళ్లేటప్పుడు మోటారు మీద వెళ్లాడు, వచ్చేటప్పుడు తెడ్డు వేసుకుంటూ వచ్చాడు. మరిది ప్లగ్గు విప్పి ఆయన అరచేతిలో పెట్టాడు. పింగాణీ కొస సున్నంలా తెల్లబడి, దాని మీద ఆవగింజలో సగం ఉండే కరిగిన పూసలు. "ఇదండీ మీ మోటారు నాలుక. లోపల ఎంత జ్వరముందో చూసుకోండి." ఆయన గొంతు సవరించుకుని మరిది చెప్పిన నంబరే అడిగాడు.

ఆ రోజు నుంచి రేవులో అతని పేరు నాలుక డాక్టరు. నాలుక చూసేది మరిది, నాలుక వాడేది వదిన అని పడవలవాళ్లు హాస్యమాడేవారు. వదిన దానికి చిన్నబుచ్చుకోలేదు. భర్త పోయాక ఈ షాపు మూతపడకుండా నిలిచిందంటే ఆ రెండింటి వల్లేనని ఆవిడకి తెలుసు. ఆవిడ చదువు మూడో తరగతితో ఆగింది. అయినా నూనె డబ్బాల లెక్క, ప్లగ్గుల మీద చీమ తలకాయంత అక్షరాలు చదివి నంబరు చెప్పడం ఆవిడ పనే.

మరిదికి తన పద్ధతి ఒకటుంది. వేడి మీదున్న మోటారు ప్లగ్గు ముట్టుకోడు, మరలు పోతాయని. చల్లారేదాకా గట్టు మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంటాడు. విప్పిన పాత ప్లగ్గుల్ని కోడిగుడ్ల అట్టలో పెడతాడు. పై సిలిండరుది ఎడమకి, కింది సిలిండరుది కుడికి. వాటిని తారుమారు చేసినవాళ్ల ఏడుతరాలనీ తలుచుకుంటాడు. తర్వాత గుమ్మంలో వెలుగుకి పట్టుకుని చూస్తాడు. బిస్కెట్ రంగులో ఉంటే ఆరోగ్యం. నల్లగా తడిగా ఉంటే నూనె ఎక్కువైందో, ప్లగ్గు సరిగా మండడం లేదో. తెల్లగా ఉంటే మాత్రం పరుగెత్తాల్సిందే. మోటారుకి పెట్రోలు చాలడం లేదు, లోపల కాలిపోతోంది, ఏ క్షణమైనా బిగుసుకుపోతుంది.

ఈ మధ్య అతను కుదురుగా ఉండటం లేదు. నెలలో మూడు బల్బులు మార్చాడు. స్టూలు లోపల్నుంచి గుమ్మంలోకి, గుమ్మంలోంచి అరుగు మీదకి జరిపాడు. కిటికీ అద్దం తుడిచిందే తుడుస్తున్నాడు.

"ఏమయ్యా మరిదీ, ఆ అద్దం అరిగిపోతుంది. కాలుగాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు?"

"వెలుగు చాలటం లేదు వదినా. బల్బులన్నీ కల్తీ."

బల్బులు అమ్మేవాణ్ణి తిట్టడానికి ఆవిడకి అంతకన్నా సాకు అక్కర్లేదు. తిట్టింది, ఊరుకుంది.

ఆ ఉదయం ఏరు దాటించే పడవ సరంగు వచ్చాడు. అవతలి ఒడ్డు ఆస్పత్రి నర్సులూ, బడి పంతుళ్లూ రోజూ ఎక్కేది ఆ పడవే. మోటారు మొండికేస్తోంది, ప్లగ్గులు మార్చమన్నాడు. మరిది పడవ దగ్గరికి వెళ్లి పాతవి విప్పాడు. కొత్తవాటి సందు పల్చటి రేకుతో కొలిచి, వేళ్లతో దిగినంత దింపి, పానాతో అర చుట్టు బిగించాడు. తిరిగొచ్చి పాతవి గుమ్మంలో పట్టుకుని చూశాడు.

"రెండూ బిస్కెట్ రంగే. మోటారు మహారాణిలా ఉంది. ప్లగ్గులు ముసలివైపోయాయి, అంతే. వెళ్లిరా."

సరంగు ఈలవేసుకుంటూ వెళ్లాడు. పడవ కదలడానికి ఇంకా పావుగంట ఉంది.

అట్ట తీసి పక్కన పెట్టబోయిన వదిన చెయ్యి ఆగిపోయింది.

"ఇదేనా బిస్కెట్టు? నువ్వు తినే బిస్కెట్లు ఇలాగే ఉంటాయా?"

"నీకు ప్లగ్గుల సంగతేం తెలుసు?"

"ప్లగ్గుల సంగతి తెలియకపోతే పోయింది, తెలుపు తెలుసు. పళ్లపొడిలా తెల్లగా ఉంది పై సిలిండరుది."

"పొద్దున్నే మొదలుపెట్టకు వదినా!"

ఆవిడ మాట పెంచలేదు. అరలోంచి కొత్త పెట్టె తీసి, చించి, అందులోని ప్లగ్గుని పాతదాని పక్కన పెట్టింది. "రెండూ చూసి చెప్పు. ఏది ఏ రంగో."

అతను చూశాడు. దగ్గరగా పెట్టుకుని చూశాడు. చొక్కాతో తుడిచి మళ్లీ చూశాడు. కొత్త ప్లగ్గు పింగాణీ తెల్లగా ఉంటుందని అతనికి ముప్పై ఏళ్లుగా తెలుసు. ఇప్పుడది పాతదానిలాగే కనిపిస్తోంది. అతని చేతిలో రెండూ ఒకటే బిస్కెట్ రంగు.

వదినకి వెంటనే అర్థమైంది. రెండేళ్ల కిందట తన కళ్లకి శుక్లాలు తీయించుకుని ఇంటికొచ్చిన రోజు, గోడలకి సున్నం ఎప్పుడు వేయించారని అడిగి నవ్వులపాలైంది ఆవిడే. పొర పెరిగిన కంటికి లోకమంతా టీ నీళ్లలో ముంచి తీసినట్టుంటుంది.

"బల్బులు కాదయ్యా," అంది, ఈసారి గొంతు తగ్గించి.

అతను స్టూలు మీద కూర్చున్నాడు, వెంటనే లేచాడు. "పై సిలిండరుకి పెట్రోలు అందటం లేదు. కొత్త ప్లగ్గు పెట్టినా లోపల కాలడం ఆగదు. నడి ఏట్లో బిగుసుకుపోతుంది. ఇవాళ వరద నీరు కూడా ఉంది..."

రేవు వైపు నుంచి పడవ మోటారు దగ్గుతున్న చప్పుడు వినిపించింది. సరంగు మోటారు స్టార్టు చేసే తాడు లాగుతున్నాడు.

"వదినా, నువ్వు వెళ్లు. ఆ మెట్లు నాకు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి, నేను దిగేసరికి వాడు వెళ్లిపోతాడు. పెట్రోలు గొట్టం, కార్బొరేటరు విప్పి చూడందే పడవ కదలొద్దని చెప్పు. పానాలు తీసుకుని వెనకాలే వస్తా."

ఆవిడ అప్పటికే చెప్పులు వెతుక్కుంటోంది. "ఏదో వాషరు మర్చిపోయావని చెబుతాలే. నీ పరువెందుకు..."

"వద్దు. వాషరంటే వాడు నవ్వేసి వెళ్లిపోతాడు. నర్సులందరికీ వినపడేలా చెప్పు. నాలుక డాక్టరుకి రంగులు కనపడటం లేదు, తెల్లదాన్ని పట్టుకుని బిస్కెట్ అన్నాడు, అందరూ దిగండి అని. గట్టిగా చెప్పు వదినా, నన్ను తిట్టేటప్పుడు ఎంత గట్టిగా అరుస్తావో అంత గట్టిగా."